గోడలు సంఘానివి, గుడ్డలు నావి

ఆ రోజుల్లో పావగడలో వాన పడిందంటే పెళ్ళి ఊరేగింపు వచ్చినట్టు అందరం వీధిలోకి వచ్చి చూసేవాళ్ళం. అలాంటి ఊళ్ళో నీళ్ళ వల్ల నష్టపోయానని చెప్పి బీమా డబ్బు రాబట్టిన మొదటి మనిషిని (బహుశా చివరి మనిషిని కూడా) నేనే. ఇప్పటి పిల్లలు ఈ మాట నమ్మరు. అప్పటి పెద్దవాళ్ళూ నమ్మలేదు, పైగా పడీపడీ నవ్వారు.

బస్టాండు పక్కన కొత్తగా లేచిన మేడలో గదులను విడివిడిగా అమ్ముతుంటే, నాయన మందలో సగం గొర్రెలను అమ్మి, పై అంతస్తులో ఒక గది నా పేరుమీద కొన్నాడు. అందులో కుట్టుమిషన్లు పెట్టుకుని దర్జీనయ్యాను. ఆ గది సాగకపోతే నాకు మిగిలేది వేరుశనగ కాయలు వలిచే కూలి. అందుకే దాన్ని కోడి పిల్లలను కాచుకున్నట్టు కాచుకునేదాన్ని. గదులు కొన్నవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. కింద సిమెంటు కొట్టు పెట్టినాయన దానికి అధ్యక్షుడు. ఆయనను ఏం అడిగినా "అన్నీ ఉండాయ్ లేమ్మా" అనేవాడు కాబట్టి వెనకాల అందరం 'అన్నీ ఉండాయన్న' అని పిలుచుకునేవాళ్ళం. సంఘం మేడ మొత్తానికీ ఒక బీమా పాలసీ తీసుకుందని తెలిసి నేను కొట్టుకు వెళ్ళాను.

"అన్నా, దాంట్లో నా మిషన్లు ఉండాయా?"

"అన్నీ ఉండాయ్ లేమ్మా."

"యాడుండాయో చూపించన్నా."

చూపించేదాకా గుమ్మంలోంచి కదల్లేదు. (సిమెంటు కొనడానికి వచ్చినవాళ్ళు నా మీదుగా బస్తాలు దాటించాల్సి వచ్చింది.) చివరికి విసుక్కుంటూ పాలసీ కాగితం తీసి ఇచ్చాడు. గోడలు, కప్పు, మెట్లు, మిద్దె మీది నీళ్ళ ట్యాంకు, అందరికీ పనికొచ్చే పైపులు, అంతే. కుట్టుమిషను ఊసు ఎక్కడా లేదు. అంటే గోడ కూలితే సంఘం పాలసీ గోడ కట్టిస్తుంది. ఆ గోడ కింద నలిగిన మిషను మాత్రం నా ఖర్మ.

ఇంక నేను ఆగితే కదా! బస్సెక్కి తుమకూరు బీమా ఆఫీసుకు పోయాను. "మీ సంఘానికి పాలసీ ఉందిగా, మళ్ళీ ఎందుకమ్మా?" అన్నాడు ఆఫీసరు. గొర్రెల మనిషి కూతుర్ని కదా, నాకు తెలిసిన భాషలోనే చెప్పాను. "సార్, మంద చుట్టూ కంచె అందరిదీ. గంప కింద మూసిన గొర్రెపిల్ల ఎవరిది వాళ్ళది. నాకు ఆ గంప కావల్ల." ఆయన కాగితం ముందుకు లాక్కుని పాలసీ రాశాడు. కుట్టమని జనం ఇచ్చిన గుడ్డలు కూడా చేర్చమని పట్టుబడితే, తల పట్టుకుని అవీ చేర్చాడు. ఇంటికొచ్చాక నాయన ఒకటే మాట అన్నాడు: "దుడ్లు ఎక్కువైనాయా ఏమ్మే? ఒక మందకు రెండు కంచెలేంది?"

ఆ ఏడు కరువు మరీ ముదిరింది. బోర్లు ఎండి, సంఘంవాళ్ళు లారీలో నీళ్ళు తెప్పించి మిద్దె మీది ట్యాంకును మొదటిసారి అంచుదాకా నింపారు. అన్ని నీళ్ళు దానికి అలవాటు లేవు పాపం, మధ్యాహ్నానికి పక్క పగిలింది. సరిగ్గా దాని కిందే నా గది. గది నిండా బడి తెరిచేలోగా ఇవ్వాల్సిన పిల్లల యూనిఫారం గుడ్డలు. పైకప్పు నుంచి ధారలు కారుతుంటే నేనేం చేశానంటారా? ముందు బిందె పెట్టాను. ఆ తర్వాత బకెట్టు. ఆ తర్వాతే గుడ్డలు గుర్తొచ్చాయి. మెట్ల మీద అప్పటికే ఆడవాళ్ళంతా చెంబులతో బారులు తీరారు. "తుడవాకమ్మే, పట్టుకో!" అని అరుస్తున్నారు.

నష్టం చూడడానికి తుమకూరు నుంచి సర్వేయరు వచ్చాడు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు ఆయనది. "పావగడలో నీళ్ళతో నష్టమా?" అని రెండుసార్లు అడిగి, సంఘం పాలసీ చదివి, "ఇది కట్టడానికే" అన్నాడు. అంతే, నాయన అంతెత్తున లేచాడు.

"ఏంది సారూ, కట్టేదానికేనా? ఇచ్చేదానికి లేదా? దుడ్లు కట్టించుకున్నప్పుడు ఈ మాట చెప్పినారా?"

కట్టడం అంటే ఇక్కడ బిల్డింగు నాయనా, అని నేను మొత్తుకుంటున్నా జనం ఎవరూ వినలేదు. అందరికీ బీమా గురించి ఎప్పటినుంచో ఉన్న అనుమానం సర్వేయరు నోటే తీరినట్టయింది. ఇంతలో అన్నీ ఉండాయన్న గుంపును తోసుకుంటూ వచ్చాడు. నీళ్ళు మెట్ల మీదుగా ఆయన కొట్టులోకి దిగి, బస్తాలన్నీ బస్తాల ఆకారంలోనే రాళ్ళయిపోయాయి.

"నా సిమెంటు సంగతేంది సారూ?"

"అది కట్టడంలోకి రాదు."

"సిమెంటు లేకుండా కట్టడం యాడన్నా ఉంటాదా సారూ!"

సర్వేయరు ఒక్కసారి నవ్వేశాడు. అన్న మాత్రం ఏడ్చినంత పని చేశాడు, నాకూ జాలేసింది. నేను నా పాలసీ తెచ్చి సర్వేయరు చేతికిచ్చాను. పైకప్పు, ట్యాంకు సంఘం పాలసీ కింద. తడిసిన మిషన్లు, పాడైన గుడ్డలు నా పాలసీ కింద. తిరగ్గా తిరగ్గా రెండు డబ్బులూ వచ్చాయి. కొత్త గుడ్డ తెచ్చి, మిషన్లు విప్పి తుడిచి నూనె పోసి, బడి తెరిచేనాటికి యూనిఫారాలు ఇచ్చేశాను. గది నాదిగానే నిలిచింది. ఆ నెలలోనే అన్నతో సహా మేడలో సగంమంది తుమకూరు బస్సెక్కి ఎవరి గంప వాళ్ళు తెచ్చుకున్నారు.

ఆ రోజు సర్వేయరు బస్సెక్కబోతుంటే నాయన ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "గోడలకు ఆ పాలసీ ఇస్తాది, గుడ్డలకు ఈ పాలసీ ఇస్తాది. ఆ నీళ్ళు పోయినాయి కదప్పా, వాటికెవరిస్తారు?" ఆయన చెయ్యి విడిపించుకుని బస్సెక్కాడు. మేమంతా విరగబడి నవ్వాం, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నాయన నవ్వలేదు. ఇప్పుడు మా వీధిలో ఎవరి ట్యాంకు పొంగినా చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి వాళ్ళ తలుపు బాదుతుంటాను. "ఈ ముసలమ్మకు ఏమైంది?" అని కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, మోటారు ఆపితే చాలు.