రూత్‌లిన్ అత్త కట్టిన ఆకు

పడవ గుర్తు పార్టీ ఆఫీసు తలుపుకి రూత్‌లిన్ అత్త నమేలే ఆకు కట్టిన పొద్దున నేను లోపలే ఉన్నాను. ఓటర్ల జాబితా రాసుకుంటున్నాను. ఆ ఆకు కట్టిన గుమ్మం ఎవరూ దాటకూడదు. కట్టే హక్కు ఊరిపెద్ద ఒక్కడికే. ఆడమనిషి కట్టిందని మా పెంటెకోస్ట్ దీవిలో విన్నవాళ్ళే లేరు.

“ఒరే, కిటికీలోంచి దూకు. పార్టీ ముద్ర అక్కడే వదిలెయ్,” అంది అత్త. దూకాను. వెంటనే కిటికీకి కూడా ఓ ఆకు కట్టేసింది.

అత్త పొట్టి మనిషి, ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. పార్టీ మీటింగు ఎక్కడ జరిగినా దుంపలు తురిమి, ఆకుల్లో చుట్టి, కాల్చిన రాళ్ళ మధ్య లాప్‌లాప్ ఉడికించేది ఆవిడే. అలా పంతొమ్మిదేళ్ళు. పార్టీలో ఆవిడకి పదవి లేదు, కుర్చీ కూడా లేదు. నేనెప్పుడూ లేచి ఇవ్వలేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

అధ్యక్షుడు గరాయె, కార్యదర్శి తబి. ఈ ఇద్దరు మహానుభావులే మా పార్టీకి పట్టిన చెద. గత రెండు ఎన్నికల్లోనూ ఇద్దరూ పోటీకి నిలబడ్డారు. మా ఓట్లు చీలి, రాజధానిలో కాపురముండే వ్యాపారి గెలిచాడు. ఆయన మా మొహం చూడలేదు. మా ఆసుపత్రికి నర్సు లేక తాళం పడింది. అత్త కూతురు నొప్పులతో పక్క రేవుకి పోతూ పడవలోనే కంది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

ఈసారి నామినేషన్లకి సోమవారం ఆఖరు. గురువారం ఇద్దరూ ఒకరి వెనక ఒకరు అత్త వంటపాకకి వచ్చారు.

“రేపు మావాళ్ళ మీటింగు అత్తా. తబిగాడి మనుషులకి వండిన పొయ్యిలో మాకు వండకు,” అన్నాడు గరాయె. తబి వచ్చి గరాయె పేరు పెట్టి అదే అన్నాడు.

“చేతులు రెండున్నాయి నాయనా. చెరొకటి నరికిస్తా, పట్టుకుపోండి,” అంది అత్త. తెల్లారగానే వెళ్ళి ఆకు కట్టింది.

ఇద్దరూ రోడ్డుకి చెరోవైపు నుంచి “ఎంత ధైర్యం!” అని అరిచారు. నాలుగేళ్ళలో వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే. పరుగున పోయి ఊరిపెద్ద బులేకి ఫిర్యాదు చేశారు. మగాళ్ళు కూడే నకమాల్ ముందు పంచాయితీ పెట్టారు.

“తప్పు ఒప్పుకుంటావా?” అన్నాడు బులే.

“ఒప్పుకుంటా పెద్దయ్యా. అవసరమైతే మళ్ళీ కడతా.”

జరిమానా, కోర గుండ్రంగా తిరిగిన పంది. అందరూ గతుక్కుమన్నారు. అత్తకి ఉన్నది అలాంటిదొక్కటే. కింది కోరలు తిరగాలని పైకోరలు పీకించి, ఏడేళ్ళు తిండి మెత్తగా ఉడికించి నోటికందించి పెంచింది. ఈ కందపంటకి దాన్ని కోసి, ఆడవాళ్ళకిచ్చే పెద్దరికం పట్టం కట్టించుకుని, కొత్త పేరు తీసుకోవాలని ఆవిడ ఆశ.

“నా వాటా ఇంటికి పంపండి. వాడి పక్కన కూర్చోను,” అన్నాడు తబి.

“నేను తప్పు చేసింది మీ ఇద్దరికీ. పంది ఒకటే, తాడూ ఒకటే. ఇద్దరూ కలిసి పట్టుకోవాలి, కలిసే తినాలి. అవునా కాదా పెద్దయ్యా?” అంది అత్త.

“అవును,” అన్నాడు బులే. “పట్టుకోకపోతే జరిమానా చెల్లదు. ఆకూ ఊడదు.”

ముద్ర లోపల ఉంది. ముద్ర పడని నామినేషన్ తీసుకోరు. ఇద్దరూ నావైపు కొరకొరా చూశారు, నేనేదో చేసినట్టు. చివరికి చెరో చెయ్యీ తాడు మీద వేశారు.

పందిని కొట్టి చంపుతుంటే అత్త అటు తిరిగి నిలబడింది. నాకు ఆ ఇద్దర్నీ పట్టుకుని తన్నాలనిపించింది.

ఒకే గుంటలో ఉడికిన మాంసం, ఒకే ఆకు మీద, ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. సగంలో గరాయె చెయ్యి ఆగిపోయింది. ఒక జరిమానా పందిని కలిసి తిన్నవాళ్ళు మరుసటి కందపంట దాకా ఒకరి మీద ఒకరు పోటీకి దిగకూడదు. మా ఊరి కట్టుబాటు అది.

“తెలిసే చేశావా అత్తా?” అన్నాడు గరాయె.

“ఇన్నేళ్ళు వండిపెట్టాను. తిండి ముందు మీరెంత గుడ్డివాళ్ళో నాకు తెలీదా?”

ఆదివారం చర్చి అయ్యాక సభ్యులు చేతులెత్తి తబిని ఎంచుకున్నారు. గరాయె మొహం మాడ్చుకునే అతని జెండా మోశాడు. అరవై ఒక్క ఓట్ల తేడాతో గెలిచాం. పంది దవడని కోరలతో సహా ఆఫీసు తలుపు పైన మేకులేసి కొట్టాం.

మూడు నెలలకి నర్సు వస్తోందని కబురందింది. రేవులో ఆమెకి దండ ఎవరు వెయ్యాలని ఇద్దరూ మళ్ళీ మొదలెట్టారు. అంతలో అత్త ఆఫీసుకి వచ్చింది. నేను లేచి కుర్చీ జరిపాను. కూర్చోలేదు. వెంట తెచ్చిన కుర్రపందిని ఆ దవడ కింద గుంజకి కట్టింది.

“దీని పైకోరలు నిన్ననే పీకించా,” అంది. “కానివ్వండి, కొట్టుకోండి. మీరు విడిపోయే నాటికి ఇది సిద్ధంగా ఉంటుంది.”