మెడ కొలత

మా అమ్మకు ఆది జాకెట్టు అడిగే టైలర్లంటే చిన్నచూపు. కొత్తది కుట్టడానికి పాత జాకెట్టు తెమ్మని, దాని కొలతే దించేసుకునేవాళ్లు టైలర్లే కాదనేది. "మనిషి ఎదురుంగ నిలబడితే పాత బట్టతోని ఏం పని? ఒళ్లు నెలనెలా మారుతది," అనేది. సిరిసిల్ల నుంచి వచ్చి అమీర్‌పేటలో హాస్టళ్ల గల్లీలో మిషన్ పెట్టుకుంది. ఇంటర్వ్యూలకు చుడీదార్లు కుట్టించుకునే అమ్మాయిలందరినీ తానే కొలిచేది. ఇరవై ఏళ్లలో ఒక్క బట్ట కూడా బిగుతైందని వెనక్కి రాలేదు.

నా మెడ వాపును మొదట పట్టుకున్నది కూడా ఆమే. కాలర్ చుడీదార్‌కి కొలుస్తూ ఆగిపోయింది. "పదమూడు ఉండేది గదా, పద్నాలుగుంబావు ఎట్లయింది బిడ్డా?" అంది. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. రెండు గల్లీల అవతల ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతున్నాను. పొద్దున ఏడింటి బ్యాచ్‌కి లేవలేకపోవడం, జుట్టు రాలడం, ఎండాకాలంలో కూడా చలి వేయడం, ఇదంతా పని ఎక్కువై అనుకున్నాను.

పంజాగుట్టలో హార్మోన్ల డాక్టరమ్మ రక్త పరీక్షల కాగితం చూసి చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే నా థైరాయిడ్ గ్రంథిని తినేస్తున్నాయట. రోజూ పరగడుపున ఒక మాత్ర, బతికినంతకాలం. కడుపు నిలిస్తే మాత్రం ఆ వారమే రావాలి, మోతాదు పెంచాల్సి ఉంటుంది అంది. మొత్తం నాలుగు నిమిషాలు. బయట అంతమంది కూర్చుని ఉంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? కానీ 'బతికినంతకాలం' అన్న మాటను నాలుగు నిమిషాల్లో మింగడం నా వల్ల కాలేదు.

అమ్మ వల్ల అసలే కాలేదు. "రోగం పోగొట్టనిది మందెట్లయితది? గా ఇంగ్లీష్ గోలీలు గట్లనే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతది," అంది.

ఆరు నెలలు మాత్ర వేసుకున్నాను. చలి తగ్గింది, పొద్దున లేవగలిగాను. మెడ మాత్రం అలాగే ఉంది. అద్దంలో నాకు కనిపించేది మెడే. అప్పుడే అమ్మ దగ్గర కుట్టించుకునే ఒకావిడ పంజాగుట్టలోనే ఉన్న హోమియో డాక్టరు సంగతి చెప్పింది. ఏ పుట్టలో ఏ పాముందో అని వెళ్లాం. ఆయన గంటసేపు విన్నాడు. "చిన్నప్పుడు దేనికి భయపడేదానివమ్మా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అక్కడే ఏడ్చేశాను.

"రోగాన్ని అణిచిపెట్టడం వేరు, వేళ్లతో సహా తీసేయడం వేరమ్మా. ఆ మాత్ర మెల్లగా మానేద్దాం. రిపోర్టుల వెంట పడకండి. వాపు తగ్గుతోందా లేదా, అదే మీకు గుర్తు," అన్నాడాయన.

అమ్మ మొహం వెలిగింది. ఇంగ్లీషులో ఉన్న రక్తపు కాగితం ఆమెకు చదవరాదు. టేపు వచ్చు.

రెండు వారాలు తర్జనభర్జన పడ్డాను. ఒకవైపు నాలుగు నిమిషాలు, ఒక జీవితకాలం. మరోవైపు గంటసేపు, తియ్యటి తెల్ల గుళికలు, నయమవుతుందనే మాట. మా ఆయనను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆ రెండు మాటలకు ఇప్పటికీ నాకు కోపం తగ్గలేదు. అయినా ఆయనను అనడమెందుకు? కోడ్ రాసినవాడి చేత ఆ కోడ్‌ను పరీక్ష చేయించకూడదు, తప్పు దొరకాలని వాడికి ఉండదు అని ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెప్పేదాన్ని. చెప్పి, ఇంటికొచ్చి, నా మెడను మా అమ్మ టేపుకు అప్పగించాను.

ప్రతి శుక్రవారం కొలిచేది. పద్నాలుగు. పదమూడు ముప్పావు. పదమూడున్నర. కొలతల పుస్తకంలో నా పేజీకి పసుపు బొట్టు పెట్టింది. నాకేమో మళ్లీ చలి మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం. లోపలి రోగం బయటికి పోతుంటే అలాగే ఉంటుందని డాక్టరు అన్నాడు. మాత్ర మానేసిన నాలుగో నెలలో కడుపు నిలిచింది. హార్మోన్ల డాక్టరమ్మ మాట గుర్తుంది. కానీ మాత్ర మానేశానని ఆమె ముందు ఎలా చెప్పను? సిగ్గేసింది. పదమూడుకు రానీ, అప్పుడు తలెత్తుకుని పోదాం అనుకున్నాం అమ్మా నేనూ.

కడుపుకు మూడో నెల వచ్చింది. కొత్త బ్యాచ్‌కి డెమో క్లాస్. ఆ ఒక్క క్లాస్ నచ్చితేనే పిల్లలు చేరతారు. అమ్మ కాలర్ చుడీదార్ కుట్టింది, పుస్తకంలో ఉన్న పదమూడుంబావు కొలతకు. పొద్దున వేసుకుని హుక్కు పెట్టబోతే రెండు కొసలూ కలవలేదు. గుంజాను. మధ్యలో రెండు వేళ్లు పట్టే సందు.

డెమో క్లాస్‌కు వెళ్లలేదు. అదే బట్టతో, మెడకు చున్నీ చుట్టుకుని ల్యాబ్‌కు వెళ్లి రక్తం ఇచ్చాను. సాయంత్రం డాక్టరమ్మ కాగితం చూసి నన్ను తిట్టలేదు. పెద్ద మోతాదు రాసింది. పదకొండు రోజులు వేసుకున్నాను. పన్నెండో రోజు బిడ్డ పోయింది.

"దీనివల్లే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను," అంది డాక్టరమ్మ. అంతకన్నా నిజమైన మాట నాకెవరూ చెప్పలేదు. అంతకన్నా పాడు మాట కూడా.

ఇంటికి వచ్చాక అమ్మ నా మంచం పక్కన కూర్చుంది. "జర గట్టిగ గుంజిన్నేమో బిడ్డా. తగ్గిందా అని నువ్వు అడిగినప్పుడల్లా నీ మొహమే చూసిన, టేపును చూడలే."

టేపు బిగుసుకోవడం ప్రతి శుక్రవారం నాకు తెలుస్తూనే ఉండేది. ఊపిరి బిగబట్టి, మెడ సాగదీసి నిలబడేదాన్ని. ఆ సంగతి ఆమెకు ఇప్పటివరకూ చెప్పలేదు. నేరమంతా ఆమె ఒక్కతే మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. చెప్పేంత ధైర్యం నాకు లేదు.

ఏళ్లు గడిచాయి. రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను. కడుపు మళ్లీ నిలవలేదు. అమ్మ ఇంకా కుడుతోంది. పోయిన నెల ఒక చీర తీసుకుని కొట్టుకు వెళ్లాను. నా ముందు ఒక హాస్టల్ అమ్మాయిని నిలబెట్టి భుజం, నడుము, మెడ అన్నీ కొలిచి రాసుకుంది. తర్వాత నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అమ్మ టేపు చుట్టి సొరుగులో పెట్టేసింది.

"ఆది జాకెట్టు తెచ్చినవా బిడ్డా?" అంది, చీర మడత విప్పుతూ.

"తెచ్చిన," అని సంచిలోంచి తీసి ఇచ్చాను.