పది రోజుల మందుకు రాజక్క పోరు

గుడ్డు పెట్టే రోజున పిల్లలు వరుసలో నిలబడరు, ఎగబడతారు. అలాంటి రోజున రెండో తరగతి పూజ పళ్లెంలో గుడ్డు ముట్టుకోకుండా ఉండిపోయింది. అన్నం కూడా రెండు ముద్దలకు మించి దిగలేదు. గరిటె పట్టుకుని వరండాలో తిరుగుతున్న రాజక్క ఆ పళ్లెం దగ్గర ఆగింది.

కొత్తవాడ వైపు ఉన్న ఆ చిన్న సర్కారు బడిలో రాజక్క పదకొండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఎవరికి వంకాయ గిట్టదో, ఎవరు పక్కవాడి పప్పు లాగుతారో ఆమెకు తెలుసు. గుడ్డు వదిలేసే పిల్ల మాత్రం ఆమె ఎరుకలో లేదు.

"ఏమైందే పొల్లా? మింగుడు పడ్తలేదా?"

పూజ అవునన్నట్టు తల ఊపింది. నుదురు కాలిపోతోంది. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. నోరు తెరిపించి వెలుతురు వైపు తిప్పితే గొంతు రెండు పక్కలా ఎర్రగా వాచి ఉంది. మీద తెల్లటి చుక్కలు. దవడ కింద బిళ్లలు చేతికి తగిలాయి. రాజక్కకు ముందు భయం వేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆ నెలలో ఇలా గొంతు వాచిన పిల్లల్లో పూజ మూడోది.

పోయి చెబితే హెడ్మాస్టరు కిషన్ రావు రిజిస్టరు మీంచి తల ఎత్తలేదు. "చలికాలం కదా, జలుబు చేసి ఉంటది. నువ్వు వంట సంగతి చూస్కోరాదు రాజక్కా!"

"జలుబైతే ముక్కు కారాలె గద సార్!"

కిషన్ రావు పేజీ తిప్పాడు. రాజక్క గిన్నెలు కడిగి, పిల్లను చెయ్యి పట్టుకుని తానే ఇంటికి తీసుకుపోయింది. తల్లి సునీత గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. లోపల మరమగ్గం మోత. నాయనమ్మ రాములవ్వ పిల్లను చూసిందో లేదో, "కొండనాలుక జారింది, అంతే" అని తేల్చేసి వేలికి ఉప్పూ మిరియాల పొడీ అద్దుకుని గొంతులోకి నొక్కింది. పూజ అక్కడే కక్కింది.

"అవ్వా, నీ వైద్యంతోని ఉన్న నాలుక గూడ ఊడుతది!" అని రాజక్క అరిచింది. సునీత మాత్రం రేపు చూద్దామంది. రాజక్క గడప మీద చతికిలబడింది. "నువ్వు లేసేదాక నేను లేవ."

అరగంట తర్వాత ముగ్గురూ ఆటో ఎక్కారు.

బస్తీ దవాఖాన డాక్టరు పద్మలత టార్చి వేసి గొంతు చూసింది, పుల్లతో కొంచెం తడి తీసి పరీక్షకు పెట్టింది. అనుమానించిందే అయింది. గొంతులో స్ట్రెప్ అనే సూక్ష్మజీవి చేరింది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది అని చెప్పి, పది రోజులకు గోలీలు రాసింది. "జరం రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గిందని మందు ఆపొద్దు."

సునీత సరేనంది. ఆ 'సరే' మీద రాజక్కకు అప్పుడే నమ్మకం లేదు.

ఐదో రోజు మధ్యాహ్నం పూజ రెండుసార్లు పప్పు వేయించుకుంది. "పొద్దున గోలీ ఏసుకున్నవా?" అని అడిగితే, "అమ్మ దాచిపెట్టింది. తమ్మునికి జరమొస్తే ఎయ్యాల్నట" అంది.

రాజక్క గరిటె చేతిలో ఉండగానే ఆ ఇంటికి పోయింది.

"తక్కువైంది గదక్కా," అంది సునీత. "గన్ని గోలీలు మింగితే చిన్న పానం ఏం గావాలె? వేడి జెయ్యదా?"

"నాకు గూడ తక్కువైందే!" రాజక్క కసిరింది. "తొమ్మిదేండ్లప్పుడు పాలకుర్తి కాడ మా ఊర్ల గిట్లనే గొంతు నొచ్చింది. మా అవ్వ పసుపు పూసింది, తక్కువైంది. మూడు వారాలకు మోకాళ్లు వాచినయ్. అవి గూడ తక్కువైనయ్. కాన్పుకు పోతే తెలిసింది, ఆ గొంతు నొప్పే గుండెల వాల్వు ఖరాబు జేసిందని. రెండో పిల్లను కనొద్దన్నరు. అప్పటిసంది ఆ రోగం మల్ల రాకుంట ఇరవయ్యొక్క రోజులకోపారి నడుముల సూది. సూది ఏసిన నాడు కాలీడ్సుకుంట మీ పిల్లలకు వండుతాన."

మగ్గం మోత ఆగింది. సునీత చేతిలోని కండె పక్కన పెట్టి, "అందరికి గట్లనే అయితదా?" అంది.

"అందరికి గాదు. నాకైంది."

లోపలినుంచి సునీత భర్త ఉమాకాంత్ వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. "ఇయ్యరాదే ఆ గోలీలు! లేకుంటే ఈమె రోజు వస్తది."

రోజూ వచ్చింది కూడా. మధ్యలో తప్పినందుకు డాక్టరమ్మ కోప్పడి మళ్లీ మొదటినుంచి పది రోజులు వాడమంది. బడి రోజుల్లో అన్నం దగ్గర, ఆదివారం ఇంటి దగ్గర రాజక్క గోలీల లెక్క అడిగింది. ఆమె సందు మలుపులో కనబడితే చాలు, రాములవ్వ తలుపు దగ్గరికి వేసేది. పూజ మందు మాత్రం పూర్తయింది.

ఆ తర్వాత డాక్టరమ్మ బడికి వచ్చి పిల్లలందరి గొంతులూ చూసింది. అదే జబ్బుతో ఇంకో ఇద్దరు దొరికారు. తల్లిదండ్రుల మీటింగులో కిషన్ రావు లేచి, "పిల్లల ఆరోగ్యం గురించి నేను మొదటినుంచి చెప్తనే ఉన్న" అన్నాడు. రాజక్క చేతిలో ఆ క్షణాన గరిటె లేకపోవడం ఆయన అదృష్టం.

దొరికిన ఇద్దరిలో అఖిల్ ఒకడు. మందు మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి బడికి రాలేదు. తండ్రి వీరభద్రం ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. ఫోన్ చేస్తే "మంచిగైందక్కా" అని పెట్టేశాడు. రెండోసారి ఎత్తలేదు. రాజక్క ఆటో ఎక్కి మిర్చి యార్డుకే పోయింది. ఘాటుకు తుమ్ములూ కన్నీళ్లూ ఆగలేదు. బస్తాల వరుసల మధ్య, వీపు మీద బస్తాతో పోతున్న అతణ్ణి పట్టుకుంది.

"ఈడికి గూడ వచ్చినవా?"

"వచ్చిన. పోరని గోలీలేవి?"

వీరభద్రం నవ్వుతూ జేబులోంచి పట్టీ తీశాడు. అందులో ఒక్కటే మిగిలింది. "పోరనికి తక్కువైంది. వీపు నొస్తాంటే నేనే ఏసుకుంటాన. జర మంచిగనే పని జేస్తానయ్."

రాజక్క తిట్టడానికి నోరు తెరిచింది. తుమ్ము వచ్చింది. పైట చెంగుతో ముక్కు తుడుచుకుని అతని రెక్క పట్టుకుంది. "బస్తా దించు. పోరడేడుండు? దవాఖానకు నడువు."