ట్యాంకర్ చివర వచ్చే గాలి

మా అమ్మమ్మ పని ట్యాంకుల ఊపిరి లెక్కగట్టడం. ఎండెక్కితే యాసిడ్ ట్యాంకు ఆవిరి వదులుతుందట, చల్లబడితే గాలి పీల్చుకుంటుందట. లోపలికి యాసిడ్ నింపుతుంటే, నింపినంత మేర ఆవిరి బయటికి తన్నుకొస్తుందట. అది ఊరి మీద పడకుండా పక్కనే స్క్రబ్బర్ అని పొడుగాటి గొట్టం నిలబెడతారు. పైనుంచి జల్లులా పడే నీళ్లు, కిందనుంచి ఎక్కే ఆవిరిని కడిగేస్తాయి. ఆవిరి ఎంత వస్తుందో అమ్మమ్మ చెబితే, గొట్టం ఎంత లావుండాలో తేలుతుంది. ఉద్యోగం మానేశాక కూడా భోజనాల బల్ల మీద ఇదే పని. పదో తరగతి తప్పిన నాకు ఇదంతా అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడ పడే పాట్లు నాకు భలే వినోదం. తాతయ్య గురకకి కూడా ఒక స్క్రబ్బర్ పెట్టించమంటే గరిటె తీసుకుని వెంటపడింది.

ఆ రోజు ఆవిడ లెక్క ప్రకారం కట్టిన కొత్త స్క్రబ్బర్ మొదటిసారి పనిచేస్తోంది. చూడటానికి ఆవిణ్ణి ఫ్యాక్టరీకి నా సరుకుల వ్యానులో తీసుకెళ్లాను. మేం చేరేసరికే ట్యాంకర్‌కి పైపు తగిలించి, యాసిడ్‌ని ట్యాంకులోకి దించేస్తున్నారు. సగం పైనే అయిపోయింది. పక్కన కంప్రెసర్ దడదడలాడుతోంది. అమ్మమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"పంపు ఏది బాబూ?" అంది డ్రైవర్‌తో.

"పంపెందుకమ్మా? పైనుంచి గాలితో నొక్కితే యాసిడ్ దానంతటదే పోతుంది."

అమ్మమ్మ నా వైపు తిరిగింది. "నేను పంపు అనుకుని లెక్క కట్టానురా," అంది నాతో.

"గాలైతే ఏమవుతుంది?"

"ట్యాంకర్ ఖాళీ అయ్యే క్షణాన, అందులో కుక్కిన గాలంతా యాసిడ్ వెనకాలే పైపులో దూరుతుంది. ట్యాంకులో ఉన్న ఆవిరిని ఒక్క ఊపున పైకి తోస్తుంది. ఈ స్క్రబ్బర్ అంత మింగలేదు."

ఇద్దరం తలెత్తి చూశాం. పైన, స్క్రబ్బర్ మూతి పక్కనున్న ఇనప అరుగు మీద కూర్చుని ఒక పెయింటర్ కమ్మీలకి రంగేస్తున్నాడు.

మేనేజర్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఆపించండి," అంది అమ్మమ్మ, నమస్కారం కూడా చెప్పకుండా.

"ఎందుకు మేడమ్? సరిపోతుందని చెప్పింది మీరే కదా?"

"నేనే. ఎలా దించుతారో అడగలేదు. తప్పు నాది. ముందు ఆపించండి, తర్వాత తిట్టండి."

"లోపల మిషన్లన్నీ ఈ యాసిడ్ కోసమే చూస్తున్నాయి. పైవాళ్లకి ఏమని చెప్పను?"

"ముసలిదానికి మతి పోయిందని చెప్పండి. నేను కాదనను."

మేనేజర్ ఫోన్ తీసి ఎవరికో చేశాడు. అవతల ఎత్తడం లేదు. డ్రైవరేమో ఆయన మొహమే చూస్తున్నాడు. ట్యాంకు గేజిలో మట్టం పాకుతూనే ఉంది.

నేను పెయింటర్‌ని దిగమని కేకేశాను. "ఈ కమ్మీ అయ్యాక," అన్నాడు తాపీగా. ఆవిరి పాఠం మొదలుపెడితే నాకే తెల్లారిపోతుంది. "గేటు దగ్గర నీ బండి ఎవడో తోసుకుపోతున్నాడు," అన్నాను. మనిషి కోతిలా జారుకుంటూ దిగి గేటు వైపు ఉరికాడు.

అంతలో పైపు ఉన్నచోటే అదిరిపడి నేలకి కొట్టుకుంది. "ఖాళీ అవుతోంది," అన్నాడు డ్రైవర్.

అమ్మమ్మ మేనేజర్ చేతిని ఫోన్‌తో సహా చెవి దగ్గర్నుంచి కిందికి లాగింది. "చెప్పండి."

"ఆపెయ్," అన్నాడాయన.

డ్రైవర్ వాల్వు బిగించాడు. అప్పటికే దూరిన గాలి స్క్రబ్బర్ మూతిలోంచి భుస్సుమని తెల్లగా లేచింది. పెయింటర్ కూర్చున్న అరుగు కనబడకుండా పోయింది. కిందున్న మాకే ముక్కులు మండాయి. నన్ను తిట్టడానికి గేటు నుంచి తిరిగొచ్చిన పెయింటర్ పైకి చూసి, తిట్టు మానేసి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

పొగ విడిపోయాక మేనేజర్ మెల్లగా అన్నాడు, "పంపు తెప్పిస్తాను మేడమ్. ఇక మీదట లెక్కలు మాత్రం వేరేవాళ్లతో చేయించుకుంటాం."

"చేయించుకోండి. ఎలా దించుతారో వాళ్లకి ముందే చెప్పండి," అంది అమ్మమ్మ.

వ్యానెక్కాక అమ్మమ్మ బెల్టు సంగతే మరిచిపోయింది. నేనే పెట్టాను. "ఏం అమ్మమ్మా, నువ్వూ తప్పావా? ఇక మనిద్దరం ఒకటే జట్టు," అన్నాను. నవ్వలేదు. ఫోన్ తీసి ఎవరికో చేస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటి వైపు తిప్పబోయాను.

"అటు కాదు. రంగుల ఫ్యాక్టరీకి పోనీ. పోయినేడు వాళ్లకీ నేనే లెక్క కట్టాను. అక్కడా అడగలేదు."

"ముందు ఫోన్ చెయ్యి మరి."

"చేస్తూనే ఉన్నాను, ఎవరూ ఎత్తడం లేదు. నువ్వు గుంతలు చూడకుండా పోనీ."