జెల్ల చేపలో లేని అక్షరాలు

కరోనా సద్దుమణిగిన ఏడాది నన్ను గుంటూరులో ఒక కళాశాల జంతుశాస్త్ర విభాగానికి సాంకేతిక సహాయకుడిగా వేశారు. నేను చదివింది బీకాం. కంప్యూటరు మీద పెద్ద లెక్కలు చేయడం సొంతంగా నేర్చుకున్నాను. స్వచ్ఛంద విరమణ తీసుకునే వరకు నా పని అదే.

అక్కడ నసీమా అనే పరిశోధక విద్యార్థిని ఉండేది. సత్తెనపల్లి అమ్మాయి. వాళ్ల నాన్న మిర్చి యార్డులో కాటా వేసేవారు. జెల్ల చేప మైటోకాండ్రియా జన్యుక్రమాన్ని పూర్తిగా చదవడం ఆమె పని. కణానికి శక్తినిచ్చే ఈ భాగానికి సొంత డీఎన్ఏ ఉంటుంది, ఉంగరంలా, పదహారు వేల పైచిలుకు అక్షరాలతో. మామూలుగా ఆ డీఎన్ఏనే చదువుతారు. మా దగ్గర మాత్రం వేరే పరిశోధన కోసం చేప కాలేయం నుంచి తీసిన ఆర్ఎన్ఏ సమాచారం సిద్ధంగా ఉంది. ఆర్ఎన్ఏ అంటే డీఎన్ఏ నుంచి కణం తీసుకునే నకలు. ఆ నకళ్ల ముక్కలను అతికితే ఉంగరం వస్తుందని ఆమె ఆలోచన. నకలు సరిగా దొరకని ఒక్క చోటును అదే చేప రెక్క నుంచి తీసిన డీఎన్ఏతో పూరించుకున్నాం.

ముక్కలు అతికాను. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు పదమూడు. వాటి అక్షరాలను మూడేసి చొప్పున చదవాలి, చివర ‘టి-ఏ-ఏ’ లాంటి, ‘ఆగు’ అనే మూడక్షరాల గుర్తు ఉండాలి. మూడుతో భాగిస్తే అన్నిటికీ శేషం సున్నా. నాకు అంతకంటే ఏం కావాలి? థీసిస్ గడువు దగ్గర పడింది, ఇచ్చెయ్యమన్నాను.

ఆమె ఇవ్వలేదు. కణం కొత్త నకలు చివర ‘ఏ’ అక్షరాలతో ఒక తోక తగిలిస్తుంది. కొన్ని జన్యువుల చివర కనిపించే రెండు ‘ఏ’లు ఆ తోకవేనని, ఆ ‘ఆగు’ గుర్తులో డీఎన్ఏకు చెందినది ఒక్క ‘టి’ మాత్రమేనని ఆమె అనుమానం.

“అవి తీసేస్తే మూడుతో భాగం పోదు కదమ్మా,” అన్నాను.

“గోనెతో కలిపి తూకం వేసి, ఇదంతా మిరపకాయలే అంటే మా నాన్నను యార్డులో బతకనిస్తారా సార్?”

“ఇది చేప లెక్క.”

“చేపకు భాగహారం రాదు సార్.”

తప్పు క్రమం ఇస్తే పరీక్షకులు థీసిస్ వెనక్కి పంపుతారు. ఆమెకు ఇక పొడిగింపు లేదు. రెక్క నుంచి తీసిన డీఎన్ఏ కాస్త మిగిలి ఉంటే, అందులో అనుమానం ఉన్న జన్యువుల చివరలు మాత్రమే చదివించాం. ఫలితం గడువుకు కాస్త ముందు వచ్చింది. ఆ చోట్ల ‘టి’ తర్వాత వెంటనే పక్క జన్యువు మొదలైంది. తోకలు కత్తిరించాం. థీసిస్ వేళకే వెళ్లింది, వెనక్కి రాలేదు.

“మీ భాగహారాన్ని కూడా పారేద్దామా సార్?” అంది నసీమా.

“ఉంచమ్మా. ప్రొటీను చేసేటప్పుడు కణానికి అదే కావాలి,” అన్నాను.

అదీ నిజమే. ఆ రెండు అక్షరాలు కలిస్తేనే ‘ఆగు’ గుర్తు పూర్తవుతుంది. నకలు పనిచేయడానికి చేర్చినవి అసలులో ఉండవు. లెక్క సరిగ్గా తేలినంత మాత్రాన అవి అసలువి అయిపోవు. ఆ తర్వాత ఎవరు ఆర్ఎన్ఏ పని తెచ్చినా, కాస్త డీఎన్ఏ దాచారా అని అడిగాకే మొదలుపెట్టేవాణ్ణి.