మందం మాస్టారు, పల్చటి గిన్నె

మా పాత్రల కొట్లో ఆయన్ని అందరం మందం మాస్టారంటాం. ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. ఇరవయ్యేడేళ్లుగా గిన్నెలమ్ముతున్నాడు, అంతే. కానీ పాఠం చెప్పకుండా ఎవరికీ ఒక్క గరిటె కూడా అమ్మడు. గిన్నెని బోర్లించి, వేలి కణుపుతో అడుగు మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. "అడుగు మందంగా ఉండాలమ్మా. మందంగా ఉంటే జన్మలో మాడదు" అంటాడు. ఎవరైనా పల్చటి అల్యూమినియం గిన్నె అడిగితే వాళ్ల వంక జాలిగా చూస్తాడు. "అది ఊదితే ఎగిరిపోతుంది. మీ ఇష్టం" అంటాడు. ఆ 'మీ ఇష్టం' విన్నాక కూడా పల్చటిది కొనే గుండె ధైర్యం ఉన్నవాళ్లని నేను పెద్దగా చూడలేదు.

నేను ఎదుటి అరల్లో కప్పులూ సాసర్లూ అమ్ముతాను. తొమ్మిదేళ్లుగా ఆ పాఠం చెవిన పడీ పడీ నాకు కంఠతా వచ్చేసింది. ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెప్పబోయేది వింటే మీకలా అనిపించకపోవచ్చు. ఇంట్లో కొడుకులిద్దరూ ఆయన మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. టీవీ కొన్నా, ఇల్లు మారినా అన్నీ అయిపోయాక చెబుతారు. ఆయన్ని సలహా అడిగే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది, ఆయన చెల్లెలి కూతురు. ఆ పిల్ల కొట్టు మెట్లెక్కితే చాలు, మాస్టారు చొక్కా సర్దుకుంటాడు.

ఆ పిల్లకి కొండల్లో నీటి ఊటలు కొలిచే ఉద్యోగం వచ్చింది. ఆరుగురి జట్టు. గుడారం, బట్టలు, తిండి, కొలత సామాను అన్నీ వీపున మోసుకుంటూ ఎనిమిది రోజులు నడవాలి. ఎవరి వంట వాళ్లదే. మొదటిసారి బయల్దేరే ముందు కొట్టుకొచ్చి, సంచిలోంచి అరచేతిలో పట్టే పొయ్యి తీసి బల్ల మీద పెట్టింది. మూడు రేకులు విప్పితే నిలబడుతుంది. నడుమ సుద్దముక్క లాంటి తెల్లటి బిళ్ల పెట్టి వెలిగించాలి. ఒక్కో బిళ్ల పన్నెండు నిమిషాలు మండుతుందట.

"అర లీటరు పట్టే గిన్నె చాలు మామయ్యా. పల్చగా ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి" అంది.

మాస్టారు ఆ పొయ్యిని రెండు వేళ్లతో ఎత్తి నాకు చూపించాడు. "చూశావా అమ్మాయ్, దీని మీద వంటట. పొయ్యే ఇంత బక్కదైతే గిన్నెన్నా గట్టిది ఉండొద్దూ?"

"మోయాలి కదా మామయ్యా."

"మోస్తే అరిగిపోవులే. పల్చటిది మంట మీద పెట్టగానే మాడి కూర్చుంటుంది. గిన్నెల సంగతి నాకొదిలెయ్."

రెండు లీటర్లు పట్టే స్టీలు గిన్నె తీశాడు. అడుగు నా చిటికెన వేలంత మందం. దానికి మూత కూడా లేదు. "కంచం బోర్లించుకో" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. ఆ పిల్ల గిన్నెని ఒకసారి చేత్తో తూచి చూసింది, ఆయన మొహం చూసింది, సంచికి కట్టుకుంది. నాకప్పుడే చెప్పాలనిపించింది. కానీ ఆయన అరల జోలికి వెళ్లడం నాకెందుకని ఊరుకున్నాను.

తిరిగొచ్చాక ఆయన మొదట అడిగింది ఒకటే. "అడుగు మాడలేదుగా?"

"అస్సలు మాడలేదు మామయ్యా."

ఇంక పట్టపగ్గాల్లేవు. నెల రోజులు వచ్చినవాళ్లకల్లా అదే కథ. "మా మేనకోడలు కొండల్లో ఎనిమిది రోజులు వండుకుంది ఈ గిన్నెలోనే. మాడితే నన్నడగండి" అని చెప్పి ఎన్ని గిన్నెలు అంటగట్టాడో.

తరవాత ఒక మధ్యాహ్నం సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడొకడు వచ్చాడు. అదే రకం పొయ్యి బల్ల మీద పెట్టి, తేలికైన గిన్నె కావాలన్నాడు. మాస్టారు గొంతు సవరించుకుని "అడుగు మందం..." అని మొదలుపెట్టాడు.

"అయ్యో, మందం మాటెత్తకండి. మా జట్టులో ఒకమ్మాయి పడ్డ పాట్లు చూశాక నాకు మందమంటే భయం" అని నవ్వాడా కుర్రాడు.

మాస్టారు నిచ్చెనెక్కి, పై అరలో దుమ్ము పట్టిన పల్చటి అల్యూమినియం గిన్నె దించాడు. మూత ఉంది. పిడి మడుచుకుంటుంది. కుర్రాడు పొయ్యినీ బిళ్లల పెట్టెనీ గిన్నె లోపల పెట్టి, మూత వేసి, ఊపి చూసుకున్నాడు. "ఇలా అన్నీ ఒకదాంట్లో ఇమిడిపోవాలి. ఒకసారి వెలిగించి చూడొచ్చా?" అనడిగాడు. కొట్టు వెనక మెట్టు మీద, గాలి తగలకుండా అట్టపెట్టె అడ్డం పెట్టి వెలిగించారు. నేనూ వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. మాస్టారు ఆ పొయ్యి వెలగడం చూడటం అదే మొదటిసారి. నేననుకుంటాను, అది లేత నీలం మంటనీ, చిటికెడంత ఉంటుందనీ ఆయనకి అంతవరకూ తెలియదు.

నీళ్లు కాగేలోపు కుర్రాడు చెప్పుకొచ్చాడు. "ఈ కాస్త వేడీ ఆ అమ్మాయి గిన్నె అడుగే తాగేసేదండీ. నీళ్ల దాకా రానిస్తేగా. మాకు ఒక బిళ్లతో అయ్యే పని తనకి నాలుగు కాల్చినా అయ్యేది కాదు. రెండో రోజు ఆ బరువుకి పొయ్యి ఒరిగి సూప్ అంతా నేలపాలు. నాలుగో రోజుకి బిళ్లలైపోయాయి. మిగతా రోజులు ఓట్సు చన్నీళ్లలో నానేసుకుని తింది. మా బిళ్లలు తీసుకోమంటే తీసుకోదు. సంచి పట్టీ కోసుకుపోయి భుజం పుండైంది. ఆ డేగిసా ఇక్కడ పారేసి రమ్మని మా పెద్దాయన కేకలేస్తే, మా మామయ్య ఇచ్చాడండీ అని దాన్ని మళ్లీ మోసుకుంటూ దిగింది. ఆ మామయ్య ఎవరోగాని, గిన్నెల్లో పండితుడట."

ఇప్పుడు చెప్పేస్తాడు, ఆ పండితుణ్ణి నేనే బాబూ అనేస్తాడు అనుకున్నాను.

మాస్టారు నవ్వాడు. చిన్నగా కాదు, పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఉంటారు బాబూ అలాంటి మామయ్యలు. పొయ్యి మొహం చూడకుండా సలహాలు చెప్పేస్తారు. ఆ పిల్లకన్నా తెలివుండొద్దూ, ఇస్తే మాత్రం మోసుకెళ్తారా?"

సిగ్గుతో చెబుతున్నాను, నేనూ నవ్వాను. తొమ్మిదేళ్లు ఆ పాఠం విన్న కసి ఎక్కడో ఉన్నట్టుంది. నీళ్లు తెర్లాయి. బిళ్ల ఇంకా కొంచెం మిగిలే ఉంది. కుర్రాడు గిన్నెని మా కొట్టు సంచిలో వేసుకుని, "ఆ మామయ్యకి మీ కొట్టు చూపించాలండీ" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు మాస్టారు అన్నం తినలేదు. సాయంత్రం నా అర దగ్గరికొచ్చి ఒక కప్పు తీసి, తిప్పి, మళ్లీ అక్కడే పెట్టాడు.

"నేనేనని చెప్పాల్సింది కదూ?"

"చెప్పాల్సింది."

"నోరు రాలేదమ్మాయ్. గిన్నె తప్పిచ్చానంటే సరే, పొరపాటు. దాన్ని కూడా తెలివితక్కువదన్నాను. నా మాట నిలబెట్టడానికి పుండు పడేదాకా మోసిన పిల్లని పట్టుకుని."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన పెట్టిన కప్పుని వరసలోకి జరిపాను.

మర్నాటి నుంచి వారం రోజులు ఆయన ఎవరికీ పాఠం చెప్పలేదు. అడిగిన గిన్నె అడిగినట్టు తీసిచ్చాడు. మళ్లీ కొండల ప్రయాణం ఉందని ఆ పిల్ల వచ్చేసరికి, అలాంటి పల్చటి గిన్నే మరొకటి కాగితంలో చుట్టి సిద్ధంగా పెట్టాడు. చేతికిచ్చాడు గానీ మొహంలోకి చూడలేదు.

"మొన్న మీ జట్టు కుర్రాడొకడు వచ్చాడే."

"తెలుసు మామయ్యా. కొత్త గిన్నె తెచ్చి అందరికీ చూపించాడు. సంచి మీద మన కొట్టు పేరుంది."

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు. "ఇంకేమన్నా చెప్పాడా?"

ఆ పిల్ల కాగితం మడత మళ్లీ సర్దింది. చెప్పడం ఇష్టంలేదని తెలుస్తూనే ఉంది.

"కొట్టాయన చాలా సరదా మనిషి, మీ మామయ్య సంగతి చెబితే కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు అన్నాడు. అందరూ మళ్లీ నవ్వారు."

"నువ్వేం చేశావే?"

"నేనూ నవ్వాను మామయ్యా. నవ్వకపోతే ఆ కొట్టాయన నువ్వేనని వాళ్లకి తెలిసిపోతుంది కదా."