అలీగఢ్ తాళం, మడ అడవిలో గది

నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు... ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్ నుంచి, నాన్నకు సర్కారు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్.టి.సి. మీద బయలుదేరాం. గోదావరి సముద్రంలో కలిసే చోట మడ అడవి, అందులో ఒక గెస్ట్‌హౌస్. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు.

మా నాన్న తన నీడను తానే నమ్మని మనిషి. సెక్షన్ ఆఫీసర్ కదా... ఎవరేం చెప్పినా "కాగితం ఉందా?" అనేవారు. క్వార్టర్‌లో దొంగలు పడతారని అమ్మ నగలు, పట్టుచీరలు అన్నీ ట్రంకుపెట్టెలో సర్దించి వెంట తెచ్చారు. గదికి వేయడానికి సొంత అలీగఢ్ తాళం కూడా!

వాచ్‌మన్ సత్తెయ్య మమ్మల్ని చూడగానే, "కింద గదొద్దు బాబుగారూ... రేపు అమావాస్య పోటు. నీళ్లు గుమ్మం ఎక్కేత్తాయి. మేడ మీద గదిచ్చేత్తాను" అన్నాడు.

కింద గది సముద్రం వైపు, ఎంత బాగుందో! పైది రేకుల గది. నాన్న అలాట్‌మెంట్ కాగితం తీసి చూపించి కింద గదే తీసుకున్నారు. "ఎవడో పెద్దాఫీసర్ వస్తున్నాడు, ఈ గది వాడికివ్వాలని ఎత్తు... ఢిల్లీలో ఇలాంటివి ఎన్ని చూశాను!" అని అమ్మతో గొణిగారు. నేనూ నమ్మేశాను. ఇక సత్తెయ్య నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే...

మర్నాడు పడవ షికారు నుంచి తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంది. గదిలో ట్రంకుపెట్టె లేదు! ఇంకేదీ మా కంటికి ఆనలేదు. నాన్న "దొంగ వెధవా!" అంటూ సత్తెయ్య చొక్కా పట్టుకున్నారు.

అతను గదిలోకి చెయ్యి చూపించాడు. మంచం కోళ్లకు సగం దాకా బురద. పోటు వచ్చి వెళ్లిపోయింది. పెట్టె మేడ మీద భద్రంగా ఉంది, దాని తాళం దానికే ఉంది. సత్తెయ్య అరచేతికి మాత్రం గుడ్డ చుట్టి ఉంది... మా తాళం పగలగొడుతుంటే తెగిందట.

నాన్న తాను నలిపిన చొక్కాను తానే సరిచేశారు. "క్షమించు సత్తెయ్యా" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే.

ఇప్పుడు ఢిల్లీ ద్వారకలో కూర్చుని అదే అడవికి గది వెతుకుతున్నాను. ఫోటోలన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి, రివ్యూలన్నీ ఒకే చేతిరాతలా ఉన్నాయి. ఫోన్ చేసి పోటు సంగతి అడిగితే, "ఫైవ్ స్టార్ రేటింగ్ హై సర్" అంటోంది అక్కడి రిసెప్షన్ అమ్మాయి. "బుక్ కర్ దో నా పాపా" అని, బుక్ చేసెయ్యమంటూ మావాడి గోల. నాకు చచ్చినా నమ్మకం కుదరడం లేదు... నాన్న రక్తం కదా!

మీలో ఎవరైనా ఈ మధ్య అటువైపు వెళ్లారా? ఏసీ, వైఫై సంగతి తర్వాత... పోటు వస్తే మన తాళం పగలగొట్టే మనిషి అక్కడ ఉన్నాడో లేడో, అది చెప్పండి చాలు.